లేకుంటే యంత్రం

ఆ యంత్రానికి కాగితాల మీద ఉన్న పేరు చాలా పెద్దది. పెట్టిన డైరెక్టరు వేదాద్రి గారు తప్ప దాన్ని ఒక్క ఊపిరిలో పలకగలిగినవాళ్లు ఆ పరిశోధనాలయంలో ఎవరూ లేరు. మిగిలినవాళ్లంతా దాన్ని 'లేకుంటే' అనేవారు. "లేకుంటే ఆన్ చేశారా?", "లేకుంటే మళ్లీ వేడెక్కింది" లాంటి మాటలు విని కొత్తగా చేరినవాళ్లు తెల్లబోయేవారు. అది చేసే పనిని బట్టి వచ్చిన పేరది. ఒక మనిషి లేకుంటే ఏమయ్యేదో అది చూపిస్తుంది.

దాన్ని కట్టింది సత్యవేణి. విశాఖపట్నంలో పుట్టి, అక్కడే చదివి, ఆ సముద్రం ఎదురుగానే ఉద్యోగం సంపాదించుకున్న మనిషి. ఆవిడకు లోకంలో ఎవరిమీదా పెద్ద గురి ఉండదు, వాళ్ల అక్క చంద్రకళ మీద తప్ప.

చంద్రకళ ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. రోజూ రెండు బస్సులు మారి బడికి వెళ్లి వస్తుంది. వచ్చి, మొహం కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుంటుంది. అక్కడ ఆమెకు ఇంకో ఊరుంది. ఆ ఊరి పేరు 'తీరం'.

తీరం ఒక ఉచిత సాఫ్ట్‌వేరు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వేటకెళ్లే ప్రతి పడవలోనూ, ఎవరో ఒకరి ఫోనులో అది ఉంటుంది. గాలి ఎటు తిరుగుతోంది, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి పడవ రావడానికి నీళ్లున్నాయా, వెనక్కి వచ్చేయాలా అన్నది తెలుగులో పలికి చెబుతుంది. దాన్ని ఏ కంపెనీ తయారు చేయలేదు. టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఇంజనీరింగు పిల్లలు, ఇలా ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో కూర్చుని రాసినది. జీతం లేదు, సన్మానం లేదు. తుపాను నాడు పడవలన్నీ ఒడ్డు చేరితే ఒకరికొకరు ఓ బొమ్మ పంపుకుని పడుకునేవారు.

ఇన్నేళ్లకు ఒక ధర్మసంస్థ ముందుకొచ్చింది. తీరం కోసం పాటుపడేవాళ్లలో ఒకరిని పూర్తికాలపు సంరక్షకుడిగా పెట్టుకుంటామనీ, వాళ్ల జీవనం తామే చూసుకుంటామనీ చెప్పింది. ఆ ఒక్కరెవరో మీరే తేల్చుకోండి అంది. అప్పుడు మొదలైంది రగడ. ఎవరు ప్రోగ్రాములో ఎక్కువ వరసలు రాస్తే వాళ్లకు అన్నారు. వారం తిరక్కుండా ఒక మహానుభావుడు ఒక్క వరసని పది ముక్కలు చేసి రాయడం మొదలెట్టాడు. సరే, ఎవరు ఎక్కువ తప్పులు దిద్దితే వాళ్లకు అన్నారు. ఇంకొకాయన తానే తప్పు పెట్టి తానే దిద్దుకుంటూ దొరికిపోయాడు. చివరికి అందరూ విసిగిపోయి, న్యాయమైన తూకం ఒకటి తయారు చేసి పెట్టమని వేదాద్రి గారిని ఆశ్రయించారు.

"ఆ సీటు వస్తే బాగుణ్ణే సత్యా. రోజంతా ఇదే పని చేసుకోవచ్చు" అంది చంద్రకళ ఒకనాడు. అక్క తన కోసం ఏదైనా కావాలని అనడం సత్యవేణి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

అందుకే సత్యవేణి ఆ యంత్రం కోసం ప్రాణం పెట్టింది. అయితే ధర్మం తప్పలేదు. తన అక్క ఆ గుంపులో ఉందని ముందే డైరెక్టరుకి చెప్పేసింది. పేర్లన్నీ ఆయన దగ్గరే దాచి, తన కళ్లకు అంకెలు మాత్రమే కనబడేలా చేయించుకుంది.

తీరం పుట్టిన నాటి నుంచి అందులో జరిగిన ప్రతి మార్పునీ, ప్రతి వాదననీ, ప్రతి ప్రశ్ననీ జవాబునీ లేకుంటే మింగింది. దాన్నుంచి ఒక్కో మనిషికీ ఒక్కో నీడను తయారు చేసింది. ఆ మనిషి ఎలా రాస్తాడో, దేనికి విసుక్కుంటాడో, ఎవరు అడిగితే కాదనలేడో అంతా ఆ నీడకి తెలుసు. ఆ నీడలు యంత్రం లోపల తీరాన్ని నడుపుకుంటూ పోతాయి. మనం టీ తాగి వచ్చేసరికి వాటికి ఏడాది గడిచిపోతుంది. ఇక చేయవలసిందల్లా ఒక నీడను తీసేసి, ఎన్ని పడవలకు కబురు అందకుండా పోయిందో చూడడమే.

మొదట్లో నీడను తీరం పుట్టిన రోజు నుంచే తీసేసి చూశారు. ఘనతంతా పాతవాళ్ల ఖాతాలోకే పోయి, కొత్తవాళ్లకు ఏమీ మిగల్లేదు. ఇది న్యాయం కాదని సత్యవేణే పట్టుబట్టి పద్ధతి మార్చింది. రేపటి నుంచి ఈ మనిషి లేకుంటే ఏమవుతుందో చూద్దాం, అందరికీ ఒకే గీత అంది. అందరూ భేష్ అన్నారు.

అసలు పరీక్ష నాడు గదంతా నిండిపోయింది. ఒక నీడను తీయగానే తెర మీద కబురు అందని పడవలు వరసగా ఎర్రబడ్డాయి. సముద్రం పోటుపాటుల లెక్క తప్పింది, దాన్ని సరిచేసే దిక్కు లేదు, మూడు నెలల్లో తీరం కుప్పకూలింది. "అబ్బో, ఈయనెవరో గాని మొత్తం ఈయన భుజాల మీదే ఉంది" అన్నారు వేదాద్రి.

తరవాత ఇంకొక నీడను తీశారు. ఏమీ కాలేదు. ఒక్క పడవ కూడా రంగు మారలేదు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి, గీత చెక్కు చెదరలేదు.

"ఈయన గుంపులో గోవింద" అంది సత్యవేణి నవ్వుతూ. గదిలో అందరూ నవ్వారు.

వేదాద్రి నవ్వలేదు. తన దగ్గరున్న పేరు చూసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సత్యవేణీ, ఆ గోవింద మీ అక్కగారమ్మా" అన్నారు.

*

సత్యవేణి ఇంటికి వెళ్లేసరికి చంద్రకళ వంటింట్లో పీట మీద కూర్చుని నెత్తళ్లకు తలలు తీస్తోంది.

"ఏటే, మొహం అలా వేలాడేసుకున్నావు?"

"రిజల్ట్ వచ్చిందక్కా."

"దివాకరం గారికే కదూ ఎక్కువ? ఆయనకే రావాలి. ఆ పోటుపాటుల లెక్క ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేరు."

"ఆయనకే. నీకు... నీకు సున్నా."

చంద్రకళ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆ తరవాత పకపకా నవ్వింది. "నిజంగానా? పూర్తిగా సున్నాయేనా? చిల్లర కూడా లేదేటి?"

"నవ్వుతావేంటక్కా!"

"నవ్వనా మరి! నేను లేకపోయినా బండి నడిచీస్తందన్నమాట. ఇన్నేళ్లూ నేను పడ్డ పాటు దానికే కదే." గిన్నె పక్కకి జరిపి, చేతులు కడుక్కుని, కాసేపు కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది. "నన్నొకసారి చూడనిస్తారేటి? నేను లేని తీరాన్ని."

ఆదివారం పూట ఆమెను యంత్రం ముందు కూర్చోబెట్టింది సత్యవేణి. తెర మీద నీడల మాటలు పారుతున్నాయి. ఉదయం పలకరింపులు, గాలి లెక్క మీద తగువు, ఎవరిదో పుట్టినరోజు. మూడో రోజున ఒక నీడ అడిగింది: "చంద్రకళ గారు కనబడ్డం లేదు?" ఇంకో నీడ జవాబిచ్చింది: "ఏదో పనిలో ఉండుంటారు." అంతే. ఏడాది గడిచిపోయింది. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

"ఒక్కరే అడిగారే" అంది చంద్రకళ. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "బండి నడవాలనే కోరుకున్నాన్లే. అయినా మనిషిని కదా. ఒక్కరే అడిగారు."

సత్యవేణికి ఆ యంత్రాన్ని సుత్తితో బద్దలు కొట్టాలనిపించింది. ఆపేద్దామని చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే లోపల ఎవరో కొత్త పిల్ల ఒక వెర్రి ప్రశ్న వేసింది. నిజాంపట్నం నుంచి పనిచేసే నీలిమ నీడ దానికి జవాబిచ్చింది: "తొందరేం లేదమ్మా. ముందు నువ్వే పాడు చేసి చూడు. తరవాత ఇద్దరం కలిసి బాగు చేద్దాం."

సత్యవేణి చెయ్యి గాల్లోనే ఆగింది. ఎక్కాల దగ్గర నుంచి కలన గణితం దాకా తనకు అక్క నేర్పింది ఆ మాటతోనే. వెనక్కి తిప్పి వెతికింది. కావలిలో ఒకాయన ఎవరికో అదే మాట చెబుతున్నాడు. కళింగపట్నంలో ఒక కుర్రవాడు, అక్కను ఎన్నడూ చూడనివాడు, తరవాతివాడికి అదే మాట చెబుతున్నాడు. అక్కను తీసేసిన లోకం నిండా అక్కే ఉంది.

"మా నీలిమ ఎంత బాగా చెప్తందో చూడు!" అంటూ చంద్రకళ మురిసిపోతోంది. ఆ మాట ఎవరిదో ఆమెకు తట్టనే లేదు.

*

తీరంలో ఒక ఆచారం ఉండేది. ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రంలో చేపల వేట నిషేధం. మరపడవలు ఒడ్డెక్కుతాయి, వలలు ఆరేసి బాగు చేసుకుంటారు. ఆ రెండు నెలలూ తీరం మనుషులు కూడా 'వల ఆరేసేవారు.' అంటే తన చేతిలో ఉన్న పనిని ఇంకొకరికి నేర్పి, అప్పగించి, నిషేధం తీరేదాకా దాన్ని ముట్టుకోకుండా కూర్చోవాలి. కొత్త చేతులు తడబడితే తడబడనీ, పడవలు ఒడ్డున ఉన్నప్పుడే తడబడనీ అన్నది దాని ఉద్దేశం. దాన్ని మొదలుపెట్టింది చంద్రకళ. తాను నేర్చిన ప్రతి పనినీ అలా ఎవరో ఒకరి చేతిలో పెట్టేసి ఇంకో పనికి వెళ్లిపోయేది.

ఆ ఏడు యంత్రం ఇచ్చిన అంకెలు ఒప్పందం ప్రకారం అందరికీ పంపించారు. నిషేధం మొదలైంది. వల ఆరేసినవాడు ఒక్కడు లేడు. ఒకరికి ఇంట్లో పెళ్లి, ఒకరికి ఆఫీసులో ఒత్తిడి, ఇంకొకరికి నడుం నొప్పి. అసలు సంగతి అందరికీ తెలుసు. తనకు తప్ప ఇంకొకరికి రాని పని ఎంత ఉంటే అంకె అంత పెరుగుతుంది. ఆఖరికి నీలిమ కూడా ఈసారికి వద్దులెండి అనేసింది.

"సున్నా వచ్చిందని నాకేం లేదే" అంది చంద్రకళ. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చుని తినలేదు. "ఆరేసిన వలలన్నీ మళ్లీ తీసి దాచీసుకుంటన్నారు. అదీ నా బాధ. నీ మిషను చాలా చెడ్డ పని చేసిందే."

మర్నాడు సత్యవేణికి కాకినాడ నుంచి ఫోను వచ్చింది. దివాకరం గారు. అక్కడొక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఆయనకి వచ్చిన అంకెకీ తరవాతి అంకెకీ మధ్య ఆమడ దూరం ఉంది. గర్వంగా మాట్లాడతారనుకుంది.

"అమ్మా, ఆ పెద్ద అంకె నాదేనాండి?" ఆయన గొంతు బొంగురుగా ఉంది. "నేను పోతే పడవలు పోతాయనే కదమ్మా మీ మిషను చెప్పింది? మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే ఫోను పట్టుకు కూర్చున్నానండి. ఇన్నేళ్లలో ఆ ఫోను ఒక్క గంట కట్టెయ్యలేదు. మీరేమో ఆ మాట అంకె వేసి మరీ చెప్పారు."

"మరి వల ఎందుకు ఆరేయలేదండీ?"

"ఒకసారి ఆరేశానమ్మా. కుర్రాడు ప్లస్సు ఉండాల్సిన చోట మైనస్సు పెట్టాడు. పాటు వేళ పోటని చూపించింది. నిషేధంలోనూ తెడ్డు పడవలు తిరుగుతాయి కదండి. ఒకటి మొగలో ఇసక దిబ్బకి కొట్టుకుంది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. ఆ తరవాత ఇంకెవరి చేతిలో పెట్టనండి?"

సత్యవేణి ఫోను పెట్టేసింది. ఈ మనిషిని లోభి అనుకుంది తను. ఆయన ఇన్నేళ్లుగా కాపలా కాస్తున్నాడు. తన తూకం ఆయన కాళ్ల సంకెలనే తూచి, దాన్ని గొప్పతనం కింద రాసి పంపింది. వేదాద్రి గారి గదిలోకి వెళ్లి నిలబడింది.

"మన తూకం తప్పు సార్. ఎవరి మీద ఎంత ఆధారపడ్డామో చూశాం. ఎవరు ఎంత ఇచ్చారో చూడలేదు."

"మీ అక్క కోసం అంటున్నారని అనరూ?"

"అననివ్వండి. లెక్క చూడండి."

"సరే, సున్నా వచ్చినవాళ్లే గొప్పవాళ్లనుకుందాం. ఏ పనీ చెయ్యనివాడిక్కూడా సున్నాయే కదమ్మా?"

"అందుకే రెండుసార్లు తియ్యాలి. మొదటి నుంచీ లేకుంటే ఎంత నష్టం? రేపటి నుంచి లేకుంటే ఎంత? మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే ఆ మనిషి ఇతరుల చేతుల్లో పెట్టింది. పని చెయ్యనివాడికి రెండూ సున్నాలే, మిగిలేదీ సున్నాయే."

చంద్రకళ నీడను ఈసారి మొదటి నుంచీ తీసేశారు. కొన్నేళ్లు బాగానే నడిచింది. ఆ లోకంలో వల ఆరేయడమన్న మాటే పుట్టలేదు. పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే అలిసిపోయారు. పోతూ పోతూ తమకు తెలిసింది తమతోనే తీసుకుపోయారు. తుపాను నాడు పడవలన్నీ ఎర్రబడుతుంటే వేదాద్రి లేచి నిలబడి చూశారు. "ఈవిడకా మనం సున్నా ఇచ్చింది!" అన్నారు.

*

కొత్త తూకంలో చంద్రకళ అందరికన్నా పైన ఉంది. దరిదాపుల్లో ఎవరూ లేరు. సత్యవేణి ఆటోలోంచి దూకినట్టే దిగి, చెప్పులైనా విప్పకుండా ఇంట్లోకి పరిగెత్తింది. చంద్రకళ అంతా విని అడిగింది: "బాగుందే. మరి దివాకరం గారికి?"

"కిందకి పోయింది. రెండు అంకెలూ పెద్దవే కాబట్టి మిగిలింది తక్కువ."

"ఇదెక్కడి న్యాయమే? ఆ మహానుభావుడి లెక్క లేకపోతే తీరం ఉందేటి? ఆయన భయపడ్డాడు, అంతే. నిషేధం అయ్యేదాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వద్దని చెప్పు."

"ఈలోగా ఏం చేస్తావు?"

"వేసవి సెలవులే కదా. కాకినాడ వెళ్లి ఆయన చేత వల ఆరేయిస్తాను."

సత్యవేణికి ఒళ్లు మండింది. "అక్కా, కాస్త ఆలోచించు. ఆయన పని నువ్వు నేర్చుకుంటే ఆయన అంకె పైకి లేస్తుంది. ఆ బరువు నీ మీద పడుతుంది, నువ్వు లేకుంటే కుదరని పని ఒకటి తయారవుతుంది, నీ అంకె పడిపోతుంది. ఆ సీటు కావాలని నువ్వే కదా అన్నావు!"

"అన్నాను. ఇప్పటికీ కావాలే" అంది చంద్రకళ పెట్టెలో చీరలు సర్దుకుంటూ. "అయితే ఆయన్నలా వదిలీసి నేను కూర్చుంటే అది సీటేటి?"

నిజాంపట్నం నుంచి నీలిమను కూడా రప్పించుకుంది. దివాకరం గారి ఇంటి ముందుగదిలో ముగ్గురూ కూర్చున్నారు. మొదటి రోజు ఆయన మీట నొక్కనివ్వలేదు. రెండో రోజు, "ముందు మేమే పాడు చేస్తాం మాస్టారూ" అని చంద్రకళ ఆయన కళ్లెదుటే నకలు ప్రతిలో ప్లస్సు తీసి మైనస్సు పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నారు. తప్పు ఎక్కడెక్కడికి పాకుతుందో పట్టుకుని, గుర్తు తిరగబడితే ముందుగానే కేక వేసే కాపలా ఒకటి నీలిమ రాసింది. మళ్లీ పాడు చేశారు, అది కేక వేసింది. ఇంకోలా పాడు చేశారు, అప్పుడూ కేక వేసింది. అన్ని విధాలా పాడు చేసి చేసి, చివరికి ఆయనే ముచ్చటపడి, "ఇలా కూడా పాడు చెయ్యొచ్చండి" అని కొత్త తప్పు ఒకటి చూపించారు. ఆ రోజు ఆయన భార్య వాళ్లందరికీ పూతరేకులు పెట్టింది.

అప్పగించిన తొలి వారం ఆయన పక్కగదిలో కూర్చుని, "అయ్యిందామ్మా? సరిగ్గా ఉందామ్మా?" అంటూ తొంగి చూసేవారు. తరవాత వీధి చివరి దాకా వెళ్లి వచ్చేవారు. ఆ తరవాత బజారు దాకా. దివాకరం గారే వల ఆరేశారన్న కబురు పాకేసరికి మిగిలినవాళ్ల పెళ్లిళ్లు, నడుం నొప్పులు వాటంతటవే సర్దుకున్నాయి. కావలి నుంచి కళింగపట్నం దాకా వలలన్నీ ఆరాయి.

నిషేధం తీరిన రోజున భీమిలిలో ఒక కల్యాణమండపంలో అందరూ చేరారు. తెల్లవారకముందే పడవలన్నీ సముద్రంలోకి వెళ్లిపోయాయి. గోడ మీద పెద్ద తెరలో అవన్నీ కనబడుతూనే ఉన్నాయి. వేదాద్రి లేచి కొత్త తూకం ఎలా వేశారో, వలలు ఆరాక అందరినీ మళ్లీ ఎలా తూచారో నాలుగు ముక్కల్లో చెప్పారు. తరవాత పేరు చదివారు.

"దివాకరం గారు."

రెండో పేరు చంద్రకళది. తేడా చాలా కొద్ది. సత్యవేణి తల దించుకుంది. తలెత్తి చూసేసరికి అక్క అప్పటికే లేచి నిలబడి, అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతోంది. ఇలాంటి మనిషికి చెల్లెలిగా పుట్టినందుకు సత్యవేణికి ఆ క్షణాన పట్టరాని గర్వం కలిగింది. తనూ లేచింది.

"ఇంతకీ ఆయనేరీ?" అన్నారు వేదాద్రి. హాలంతా వెతికారు. ఆయన రాలేదు. ఫోను చేయమన్నారు. నీలిమ అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి నంబరు నొక్కింది.

"మీరు కాల్ చేస్తున్న ఫోన్ ప్రస్తుతం స్విచాఫ్ చేయబడి ఉంది."

వేట మొదలైన తొలి రోజు. పడవలన్నీ నీళ్ల మీద ఉన్నాయి. దివాకరం గారి ఫోను స్విచాఫ్. అందరి కళ్లూ తెర మీదకు వెళ్లాయి. పోటు వేళలు వరసగా, సరిగ్గా, అన్ని పడవలకూ అందుతూనే ఉన్నాయి.

నీలిమకు గుర్తొచ్చింది. "మనవరాల్ని తీసుకుని అరకు వెళ్తానన్నారండీ" అంది మెల్లగా.

ముందు ఎవరో నవ్వారు. తరవాత హాలంతా నవ్వింది, ఈలలు వేసింది. "ఇంకోసారి చెయ్యి, ఆన్ చేస్తారేమో, సీటు వచ్చిందని చెబుదాం" అన్నారెవరో వెనక నుంచి.

చంద్రకళ గబగబా వెళ్లి నీలిమ చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఎవరూ చెయ్యకండి. సీటు ఎక్కడికీ పారిపోదు, రేపు చెప్పొచ్చు. ఆయన్ని వదిలీండి" అంది. ఆ తరవాతే కళ్లు తుడుచుకుంది.